మా తూము వరకే గోదావరి

మేం గోదావరి డెల్టా వాళ్లం. నూట డెబ్బై ఏళ్లకు పైగా ఈ కాలువల నీళ్లు తాగి, ఏటా రెండు పంటలు తీసి, ఆ గింజల మీద పిల్లల్ని చదివించి దేశదేశాలకు పంపినవాళ్లం. ఈ నదిని నమ్ముకున్న బతుకులు ఒక్కొక్కటిగా మా కళ్లెదుటే చెదిరిపోతుంటే నోరు మెదపనివాళ్లమూ మేమే. తప్పు ప్రభుత్వాలదని రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి, వాటిలో నిజమూ ఉంది. మా వాటా తప్పు గురించి రాసినవి తక్కువ. అది ఎవరో బయటివాళ్లు వచ్చి చెప్పేకన్నా మేమే చెప్పుకోవడం మర్యాద.

నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి, ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం మీదుగా, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆ రెండు పాయల నడుమ ఉన్న ముక్కోణపు నేల కోనసీమ. దానికి అటు కాకినాడ వైపు తూర్పు డెల్టా, ఇటు కొల్లేరు వైపు పశ్చిమ డెల్టా. ఈ నేలంతా నది తెచ్చి పోసిందే. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పారే చోట్ల కొండలు అరిగి, ఆ మట్టి వరద వరదకూ దిగి వచ్చి మాకు పొలమైంది. అంటే మా కాళ్ల కింద ఉన్నది మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మట్టి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుని ఉంటే నది మాదొక్కరిదే అన్నంత ధీమా మాకు వచ్చి ఉండేది కాదు.

ఆనకట్టకు ముందు కూడా ఇక్కడ నది మీద బతుకులుండేవి. కోరంగిలో ఓడలు కట్టేవారు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లిషువాళ్లు, పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు కొట్లు పెట్టుకుని మా సాలీలు నేసిన బట్టను ఓడలకెక్కించేవారు. మిల్లు గుడ్డ వచ్చి ఆ మగ్గాలను పడగొట్టింది. 1833లో కరువు, 1839లో ఉప్పెన. అప్పుడు వచ్చాడు ఆర్థర్ కాటన్. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలుగా ఆనకట్ట పూర్తిచేశాడు. పక్కన ఉండి కూలీలను కూడగట్టి పని నడిపించినవాడు మనవాడే, వీణెం వీరన్న. ఈనాడు ఈ నీటి కింద ఉన్నది పది లక్షల ఎకరాలు.

కాటన్ విగ్రహం లేని పెద్ద ఊరు డెల్టాలో దొరకడం కష్టం. ఆయన పుట్టినరోజు మే 15న దండలు వేస్తాం. గోదావరిలో ఆయనకు పిండం పెట్టేవారూ ఉన్నారు. ఆ భక్తిని నేను తక్కువ చేయను, అన్నం పెట్టినవాణ్ని తలుచుకోవడం మంచి గుణం. కానీ కాటన్ మాకిచ్చింది ఒక్క ఆనకట్ట కాదు, ఒక పూర్తి ఏర్పాటు. నీరు తెచ్చే కాలువ, నీరు తీసే మురుగు కాలువ, పడవ నడిచే లాకులు, వరదనాపే ఏటిగట్టు. ఈ నాలుగూ కలిసి ఉంటేనే డెల్టా. ఆ నాలుగింటిలో మేం ఆసక్తి చూపింది మొదటిదాని మీద. అది కూడా మా తూము దాకా.

ఏప్రిల్ నెలాఖరుకు కాలువలు కట్టేస్తారు. నీరు దిగిపోయాక ఏ వంతెన మీదైనా నిలబడి కాలువ అడుగు చూడండి. కోళ్ల ఈకలు కుక్కిన బస్తాలు. పురుగుమందు డబ్బాలు, మందు సీసాలు. పెళ్లి భోజనాల్లో వాడి పారేసిన గ్లాసులు గుట్టలు గుట్టలు. చిరిగిన పరుపు. పటం కట్టిన దేవుడి బొమ్మ. గట్టు పొడుగునా ఇళ్ల మరుగుదొడ్ల గొట్టాలు నేరుగా కాలువలోకే నోరు తెరుచుకుని ఉంటాయి. నీరున్నంతకాలం వాటిని గుర్రపుడెక్క, తూడు కప్పి ఉంచుతాయి, అంతే. జూన్‌లో లాకులెత్తగానే మొదటి నీరు ఈ సరుకంతా నురుగుతో తోసుకుంటూ దిగువకు పోతుంది. శివారు ఊళ్లు ఆ నీటికోసమే రెండు నెలలుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటాయి. బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్లవి. ఆ కాలువ నీళ్లే వాళ్ల మంచినీళ్ల చెరువులోకి పోతాయి, అక్కడి నుంచి బిందెల్లోకి. మేం పారబోసింది మా చుట్టాలే తాగుతున్నారని మాకు తెలియదా? ఆ ఊళ్లకే గదా ఆడపిల్లల్ని ఇచ్చాం. తెలుసు. ఊరి పొలిమేర దాటిన నీరు మాది కాదనుకున్నాం.

రాజమండ్రి సంగతి ఇంకా పెద్దది. నగరం మురుగు ఏళ్ల తరబడి నదిలోకే దిగింది, కొంత దూరంలోనే పుష్కర స్నానాలు చేశాం. 2015 జూలై 14న అక్కడే పుష్కరాల రేవులో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. నది ఒడ్డున పుట్టిపెరిగిన మనుషులం, లక్షలాదిగా వచ్చిన యాత్రికులకు సాఫీగా నీటి దాకా వెళ్లే దారి చూపించలేకపోయాం.

పడవల సంగతి ఒక్కమాటలో చెప్పి వదిలేస్తాను. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడల మీదుగా మద్రాసు దాకా ఒకప్పుడు ఈ కాలువల్లోనే సరుకు పోయేది. లారీలొచ్చాక పడవలు ఒడ్డెక్కాయి, లాకుల తలుపులు తుప్పుపట్టాయి, పడవ సరంగుల పిల్లలు వలస కూలీలయ్యారు. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. ఇన్నేళ్లలో దాని గురించి మా పంచాయతీలు గట్టిగా అడిగిన సందర్భం నాకు గుర్తులేదు.

మురుగు కాలువల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే డెల్టా వ్యవసాయం ప్రాణం పోయింది అక్కడే. సముద్ర మట్టానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉన్న పొలాలు మావి. పెట్టిన నీరు దిగకపోతే పంట లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పడితే కోతకొచ్చిన తొలి పంట సార్వా చేను పడిపోయి నీళ్లలో మొలకెత్తుతుంది. వాన తెరిపిచ్చాక రెండు మూడు రోజుల్లో నీరు తీసేస్తే గింజ దక్కుతుంది. తీయడానికి డ్రెయిన్ ఉండాలి. డ్రెయిన్ గట్టును ఎకరం, అరెకరం కలుపుకుని కొబ్బరి మొక్కలు నాటింది మేం. అడ్డంగా వలకట్లు కట్టనిచ్చింది మేం. లేఅవుట్లు వేసి బోదెలు పూడ్చింది మేం, మా బావమరుదులం. సప్తగోదావరుల్లో ఒకటని చెప్పుకునే కౌశిక అమలాపురం పక్కన మురుగు డ్రెయిన్‌గా పారుతోంది. నది అని నమస్కారం పెట్టుకున్నదాన్ని మురుగుకు అప్పగించి, ఆ మురుగు కూడా పారకుండా చేశాం.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేలాది ఎకరాలు బీడు పెట్టారు. అన్నపూర్ణ అని పేరున్న సీమలో నీరుండి, నేలుండి, నాట్లు వేయబోమన్న మాట దేశమంతా విన్నది. గిట్టుబాటు ధర లేదన్నాం, కూలి పెరిగిందన్నాం, డ్రెయిన్లు పూడిపోయాయన్నాం. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది, విన్నది. అడిగిన ప్రతి కోరికా న్యాయమైనదే. అయితే ఆ విరామం రోజుల్లో నాట్లకు పోయే ఆడకూలీలు ఏం తిన్నారన్నది మా సభల్లో ఎవరూ లేపలేదు. కౌలు రైతు ఏం చేశాడన్నదీ లేపలేదు. వేదిక మీద ఉన్నవాళ్లం భూమి ఉన్నవాళ్లం.

ఇక్కడే అసలు మాట చెప్పాలి. డెల్టాలో చేను చేస్తున్నవాడు ఒకడు, పట్టాదారు ఇంకొకడు. దుక్కి దున్నేది, ఎరువుకు అప్పు తెచ్చేది, వానలో కోసిన పనలను గట్టెక్కించేది కౌలుదారు. పంటలో దగ్గర దగ్గర సగం బస్తాల లెక్కన కౌలు కింద పోతుంది. తుఫాను వచ్చినా కౌలు తగ్గించిన ఆసామిని ఊళ్లో కథగా చెప్పుకుంటారు, అంత అరుదు. తుఫాను సాయం, పంట బీమా, బ్యాంకు అప్పు ఇవన్నీ కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్లకు నడుస్తాయి. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెడితే కౌలుదారుకు కార్డు ఇస్తారు. ఆ సంతకం పెట్టనిది ఎవరు? ప్రభుత్వం కాదు. మేం. సంతకం పెడితే రేపు పొలం తనదంటాడేమో అన్న భయం మాది. కౌలుదారీ చట్టం చేసిన 1956 నుంచి మా నాన్నలకూ తాతలకూ ఇదే భయం. పదిహేనేళ్లుగా మా చేను చేస్తూ, మా ఇంట్లో పెళ్లికి వచ్చి వంటలు మోసిన మనిషిని, ఒక కాగితం దగ్గరకొచ్చేసరికి దొంగను చూసినట్టు చూస్తున్నాం.

ఏరు వైపు వెళదాం. జూలైలో ఎర్రనీరు దిగుతుంది. ఆ వాసన పట్టుకుని సముద్రంలోని విలస ఏటిమొగల్లోంచి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి పైకి వస్తుంది. ఉప్పునీటి చేప తీపి నీట్లో ఈదీ ఈదీ పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి గోడ, అక్కడితో ఆగిపోతుంది. అయినా నూరేళ్లకు పైగా ఆ గోడ కింద దాకా వచ్చింది, మత్స్యకారుల ఇళ్లలో మూడు నెలలు పొయ్యి వెలిగించింది. ఇప్పుడు యానాం రేవులో ఒక్క పులస వేలంలో పదివేలు దాటిందని ఫొటో వేస్తారు. ఆ ధర చూసి మేం మురిసిపోతాం, పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తిరగేస్తాం. ఆ ధర వెనకున్న లెక్క వేరు. రాత్రంతా ఇద్దరు మనుషులు నావలో కూర్చుని, వరద ఉరవడికి నావ కొట్టుకుపోకుండా తెడ్డు పట్టుకుని, వల వదిలి, తీసి, మళ్లీ వదిలి, తెల్లారి రేవుకొస్తే బుట్టలో ఉండేది నాలుగు జెల్లలు, కాసిని రొయ్యలు. పులస పడేది ఏ పది రాత్రులకో ఒకటి, పడని సీజన్లూ ఉన్నాయి. మొగ దగ్గరే సన్నకన్ను వలలతో మరపడవలు చేపను ఏట్లోకి రాకుండా పట్టేస్తున్నాయి. నీరు చెడింది, వరద వచ్చే వేళలు మారాయి. మేం చేసిందేమిటి? ఐసు పెట్టెల్లో ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన చేపను పులస పేరుతో కొనుక్కుని తిన్నాం. ఏటిలోని చేపను నమ్ముకున్న మనిషి కాకినాడ చేపల రేవులో ఐసు మోసే కూలీగా మారాడని గమనించలేదు.

సముద్రపు అంచున ఉన్న మడ అడవులదీ అదే కథ. కోరంగి దగ్గర 1978లో అభయారణ్యం పెట్టారు కాబట్టి అక్కడ 235 చదరపు కిలోమీటర్ల మేర నీటి పాయలు, నల్లమడ, తెల్లమడ, పొన్న, తిల్ల మిగిలాయి. మిగతాచోట్ల వంటచెరకు కోసం కొంత, రొయ్యల చెరువుల కోసం చాలా నరికాం. రొయ్యల గురించి మాట్లాడటం మా ఊళ్లలో ఇబ్బందికరం, ఎందుకంటే ఈ ముప్పై ఏళ్లలో కట్టిన మేడలు చాలావరకు రొయ్య కట్టినవే. అయినా అది ఎలా పాకిందో చెప్పక తప్పదు. ఒక ఆసామి డ్రెయిన్ నుంచి ఉప్పునీరు తోడి తన ఎకరాల్లో చెరువు తవ్వుతాడు. పక్క చేనులోకి ఉప్పు ఊరుతుంది. వరి గిడసబారుతుంది. రెండు పంటలు పోయాక ఆ పక్క రైతు తన చేనూ చెరువుకు లీజుకిస్తాడు. అతని పక్కవాడికి ఇంక దారి లేదు. ఇలా మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో వరి చేలు మాయమయ్యాయి. ఎకరం వరికి నాటు నుంచి నూర్పు దాకా ఎంతమంది చేతులు కావాలో తెలిసిన సీమ ఇది. చెరువుకు కావలసింది ఒక కాపలా మనిషి, మేత చల్లే కుర్రాడు, ఏరియేటర్లకు కరెంటు. కోతలకు పోయే ఆడవాళ్ల పని పోయింది. తీరం దగ్గర చెరువులు తవ్వరాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పేపర్లో చదివాం, ఆ తరువాత కూడా తవ్వాం. 2009లో వెనామీ రొయ్య వచ్చాక మరీ తవ్వాం. తుందుర్రు వాళ్లు రొయ్యల ఫ్యాక్టరీ వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తాయని రోడ్డెక్కితే, పక్క ఊళ్లవాళ్లం అభివృద్ధికి అడ్డమన్నాం.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను కొట్టింది. వెయ్యిమందికి పైగా పోయారు, అందులో సముద్రం మీదికి వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులే ఎందరో. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. మా ఇళ్లలో ఆ రాత్రి గురించి ఈనాటికీ చెప్పుకునేది కొబ్బరితోటల గురించి. భైరవపాలెం, బలుసుతిప్ప ఆడవాళ్లు చెప్పుకునేది వేరు. పక్కపక్కనే ఉండి ఒక్క తుఫానును రెండు రకాలుగా గుర్తుపెట్టుకున్నాం.

లంకల దగ్గరకొస్తాను. నది నడుమ, నది ఒడ్డున మట్టి మేటలు వేసి లేచిన దిబ్బలు లంకలు. కూరగాయలు, అరటి, పొగాకు, మునగ, పశువుల మేత అక్కడే. వరద ఎత్తుకొస్తే మునుగుతాయి, తగ్గితే ఒండ్రు వేసుకుని తేరుకుంటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను లంకల జనం చూశారు. వరద లంకవాళ్లకు కొత్త కాదు, వాళ్లను వరద కంటే కోత తినేస్తోంది. ముందు గట్టు మీద వేలెడు సందు కనిపిస్తుంది. మర్నాటికి అందులో చెయ్యి పడుతుంది. ఆ మధ్యాహ్నమో సాయంత్రమో, కాయలతో ఉన్న కొబ్బరిచెట్టు వేళ్లతో సహా నేల ముక్కను పట్టుకుని ఏట్లోకి ఒరుగుతుంది. మట్టి నీళ్లలో పడ్డ చప్పుడు ఆగకముందే ఇంకో ముక్క విరుగుతుంది. ఆ నేల మీద పాస్‌పుస్తకం ఉంటుంది, నేల ఉండదు.

ఇది నది చేసే సహజమైన పనే, ఒకచోట కోసి ఒకచోట వేస్తుంది. వేయడానికి మట్టి కావాలి. పైన జయక్వాడి మొదలుకొని శ్రీరాంసాగర్ దాకా, శబరి, సీలేరు మీద కట్టినవాటి దాకా, ప్రతి జలాశయమూ కొంత మట్టిని పట్టి ఉంచుకుంది. 1970ల్లో ధవళేశ్వరం దాటి వచ్చిన ఒండ్రులో మూడోవంతుకు కాస్త ఎక్కువ మాత్రమే 1990ల్లో వచ్చిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. 1976 నుంచి 2001 దాకా డెల్టా అంచు పటాలు, ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూసి, చేరిన నేల తీసేయగా సముద్రంలో కలిసిన నేల పద్దెనిమిది చదరపు కిలోమీటర్లని లెక్క చెప్పారు. అది తెలిసి మేం చేయవలసింది, ఉన్న ఇసుకను ముట్టుకోకపోవడం. బదులుగా ఇసుక ర్యాంపులు పెట్టాం. పగలు పడవలతో, రాత్రి యంత్రాలతో తోడాం. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ మనుషులు తోడారని అంటాం. ఆ ఇసుకతో కట్టిన ఇళ్లలో ఉన్నది ఏ పార్టీవాళ్లు? అన్ని పార్టీలవాళ్లమూ.

పి.గన్నవరం దగ్గర ఊడిమూడి లంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడి లంక ఉన్నాయి. వేసవిలో పాయకు అడ్డంగా మట్టిబాట వేస్తారు. మొదటి వరదకు అది కొట్టుకుపోతుంది. ఆ రోజు నుంచి బడిపిల్లలు, నిండు చూలాళ్లు, పాలక్యాన్లు, అరటిగెలలు అన్నీ నాటుపడవ మీదే. ఇది ప్రతి ఏడూ జరుగుతుంది, ప్రతి ఏడూ పత్రికలో ఫొటో వస్తుంది. 1850ల్లోనే వైనతేయ మీద నలభైతొమ్మిది ఖానాలతో అక్విడక్టు కట్టి నీటిని ఏరు దాటించిన ఊరు అదే గన్నవరం. నీటిని దాటించిన నూట డెబ్బై ఏళ్ల తరువాత కూడా మనుషుల్ని దాటించడానికి మేం తొందరపడలేదు. అర్ధరాత్రి వచ్చినవాడికీ అన్నం వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారు ఆ లంకల ఊరి మనిషే. ఆమె పేరు కొత్త అక్విడక్టుకు పెట్టుకున్నాం.

ఎగువ కొండలకు మేం ఎంత బాకీ ఉన్నామో రెండో పంట దాళ్వా చేసే ప్రతి రైతుకూ తెలియాలి. ఎండాకాలం ముందు గోదావరి సన్నబడినప్పుడు మా దాళ్వా గట్టెక్కేది సీలేరు నుంచి వదిలే నీళ్లతో. బలిమెల, సీలేరు కొండల్లో ఊళ్లు ఖాళీ చేసిన గిరిజనుల నీళ్లవి. ఇప్పుడు పోలవరం. రామపాదసాగరం అన్న నాటి నుంచీ మా పెద్దలు కలగన్న ప్రాజెక్టు, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ దాని కింద నిర్వాసితమవుతున్నవి లక్షకు పైగా కుటుంబాలు, అందులో దాదాపు సగం కోయలు, కొండరెడ్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు, కుక్కునూరు ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. ఆ జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. మేం ఆ వారమంతా ధవళేశ్వరం దగ్గర ఎన్ని గేట్లెత్తారో, ఎన్ని లక్షల క్యూసెక్కులు సముద్రంలో వృథాగా పోయాయో మాట్లాడుకున్నాం. వెదురు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ల మీద బతికిన మనిషికి సిమెంటు కాలనీలో రెండు గదులిచ్చి పునరావాసం అయిపోయిందంటే ఒప్పుకున్నాం. ప్రాజెక్టు ఎప్పుడు పూర్తవుతుందని వందసార్లు అడిగాం. నిర్వాసితుల ప్యాకేజీ ఎప్పుడు పూర్తవుతుందని డెల్టా రైతు సంఘాల వేదిక మీద గట్టిగా అడిగినవాళ్లు ఎంతమంది?

చమురు, గ్యాస్ బావుల దగ్గరా మా తీరు ఇంతే. 1995 జనవరి 8న పాశర్లపూడి చమురుబావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. రెండుసార్లూ కొన్నాళ్లు ఉద్యమించాం, తరువాత పరిహారంలో, కాంట్రాక్టుల్లో మా వాటా చూసుకున్నాం.

ఆడవాళ్ల గురించి రాయకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. నరసాపురం చుట్టూ ఊళ్లలో అరుగుల మీద కూర్చుని క్రోషె సూదితో లేసు అల్లే ఆడవాళ్లు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నారు. మిషనరీలు నేర్పిన పని, విదేశాలకు పోతుంది, కోట్లు తెస్తుంది. దాన్ని మేం పని అనలేదు, తీరిక వేళ కాలక్షేపం అన్నాం, అందుకే రోజంతా అల్లినా చేతికొచ్చేది చిల్లర. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వచ్చి 1982లో పుస్తకం రాస్తేగాని అది శ్రమ అని లోకానికి తెలియలేదు. పొలంలో కూలి తగ్గి, లేసులో కూలి పెరగక, కోనసీమ ఆడవాళ్లు కువైట్, దుబాయ్ ఇళ్లకు పనికి వెళ్లారు. అక్కడి నుంచి వచ్చిన డబ్బుతో ఊళ్లో స్లాబులు పడ్డాయి. ఆ తల్లి వెళ్లాక పిల్లాడు ఎవరింట పెరిగాడో, ఏజెంటు చేతిలో ఆమె ఏం పడిందో ఊరు అడగలేదు.

ఇన్ని జరుగుతుంటే మేం ఎందుకు ఊరుకున్నామన్నదానికి నాకు తోచిన జవాబు ఒకటే. మా సీమలో పని కులం వెంట నడిచింది. వల ఒకరిది, మగ్గం ఒకరిది, కల్లుకుండ ఒకరిది, నాగలి ఇంకొకరిది, పట్టా వేరొకరిది. పులస పోతే అది వలవాళ్ల కష్టం. లంక కోసుకుపోతే అక్కడ అసైన్డు పట్టాలున్న దళితుల కష్టం. మగ్గం ఆగితే బండారులంక నేతగాళ్ల కష్టం. కొండ మునిగితే కోయల కష్టం. ఎవరి నష్టం వారి గడప దగ్గరే ఆగిపోయింది. నది అన్ని గడపల ముందూ పారుతోంది గాని, అందరం కలిసి ఒక్క గట్టున కూర్చున్న రోజు లేదు. 2022 మే 24న మాత్రం అమలాపురంలో వేలమందిమి ఒక్కచోట చేరాం. డ్రెయిన్ల కోసం కాదు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టారని ఇళ్లు తగలబెట్టడానికి. ఈ సీమలో బతికిన ఎవరమూ ఆ రోజును పక్కకు పెట్టి నది గురించి మాట్లాడలేం. డెల్టాలో కాలువ తవ్విన, ఏటిగట్టు మోసిన, నడుములోతు నీళ్లలో వరి పనలు పైకి తెచ్చిన చేతుల్లో ఎక్కువ ఎవరివో మాకు తెలియనిది కాదు.

1997లో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. కాలువ రైతులదేనని చట్టమే అంది. మేం ఆ ఎన్నికలను కూడా పార్టీ ఎన్నికలు చేసుకుని, పూడిక పనుల బిల్లులు పంచుకుని ఊరుకున్నాం. అయినా ఆ చట్టం ఇంకా ఉంది. ఊరి బోదె పూడిక తీయమని తీర్మానం చేసే అధికారం ఇంకా ఉంది. డ్రెయిన్ గట్టు ఆక్రమణల్లో మొదట మాది వదులుకుంటే పక్కవాణ్ని వదలమనే నోరు మాకు వస్తుంది. మరుగుదొడ్డి గొట్టం కాలువలోంచి తీసి గుంతకు మళ్లించుకోవడానికి ఏ ప్రాజెక్టూ, ఏ ట్రిబ్యునలూ అక్కర్లేదు. రైతు సంఘం సమావేశానికి వేలేరుపాడు నుంచి ఒక నిర్వాసితుణ్ని, యానాం నుంచి ఒక వలవాణ్ని, లంక నుంచి ఒక కూలీ ఆడమనిషిని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి వినడానికి బడ్జెట్టూ అక్కర్లేదు.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉంటూ డెల్టాలో పొలం ఉన్నవాళ్లకు ఒక మాట. 2027లో గోదావరి పుష్కరాలు. చాలామంది వస్తారు. వచ్చినప్పుడు మీ చేను కౌలుకు చేస్తున్న మనిషి ఇంటికి వెళ్లండి. ఆయన సాగుదారు కార్డు కాగితం మీద మీ సంతకం పెట్టి, ఆ తరువాతే రేవుకు వెళ్లండి.